రెండు పడులు

గోపినాథ్ కుర్చీలో తులసిని కూర్చోమని సుందరరాజన్ చెప్పిన రోజు ప్రభాకరన్ మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. క్యారియర్ మూత తీశాడు, పులుసు వాసన చూశాడు, మళ్లీ మూత పెట్టేశాడు. సాయంత్రం ఆ క్యారియర్ బరువు చూసి తల్లి రంగమ్మాళ్ ఏమైందని అడిగితే ఆకలి కాలేదన్నాడు. అది నిజం కాదు. వచ్చే దారిలో బండి ఆపి బోండాలు తిని మరీ వచ్చాడు.

సుందరరాజన్ రంగమ్మాళ్‌కి తమ్ముడు, ప్రభాకరన్‌కి మేనమామ. తరాలుగా తమిళనాట ఉంటున్న తెలుగువాళ్లు. కోయంబత్తూరు పీళమేడులో, ఒకప్పుడు పత్తి బేళ్లు నింపిన పొడుగాటి షెడ్డులో ఆయన ఒక చిన్న కంపెనీ నడుపుతున్నాడు. నూలు మిల్లుల్లో వడికే యంత్రాలకు తగిలించే కౌంటరు పెట్టెలు అక్కడ తయారవుతాయి. యంత్రం ఎంత పొడుగు నూలు వడికిందో ఆ పెట్టె లెక్కపెట్టి ఎర్ర అంకెల్లో చూపిస్తుంది. చూడ్డానికి టిఫిన్ డబ్బాలా ఉంటుంది గాని, కోయంబత్తూరు నుంచి మదురై దాకా దాన్ని ఎరగని మిల్లు సూపర్‌వైజరు లేడు.

ఆ పెట్టెను పుట్టించింది ఇద్దరు: సుందరరాజన్ ఒక్కగానొక్క కొడుకు గోపినాథ్, మేనల్లుడు ప్రభాకరన్. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే కాలేజీలో చదివారు. గోపినాథ్ ప్రోగ్రాం రాసేవాడు. ఆ ప్రోగ్రాం నడిచే బోర్డు ప్రభాకరన్ తయారుచేసేవాడు. పనిలో వాళ్ల మధ్య మాటలు తక్కువ. గోపినాథ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రాస్తుంటే, ప్రభాకరన్ కాఫీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి చూసేవాడు. తప్పు కనిపిస్తే గొంతు సవరించుకునేవాడు. ఎక్కడ, ఏమిటి అని చెప్పేవాడు కాదు. గోపినాథ్ చెయ్యి ఆగేది, కళ్లు పైకి పాకేవి, తప్పు దొరికేది. గొంతు సవరించుకోలేదంటే అంతా సరిగ్గా ఉన్నట్టు. మొదట్లో అది ఇద్దరి మధ్య ఆట. పోను పోను షెడ్డు మొత్తానికి అదే పద్ధతయింది. పెట్టె మిల్లుకు పంపేముందు సుందరరాజన్ ఒక్కటే అడిగేవాడు, ప్రభా వెనక నిలబడినాడా అని. నిలబడ్డాడంటే ఇంకెవరూ ఏమీ అడగరు.

కిందటి చిత్తిర నెలలో గోపినాథ్ చనిపోయాడు. జ్వరమని ఆస్పత్రికి నడిచి వెళ్లినవాడు నడిచి రాలేదు. అంతకు మించి దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

కుర్చీ అలాగే ఉండిపోయింది. బల్ల సొరుగులో కళ్లజోడు కూడా. ఎప్పుడూ ఇద్దరూ కలిసి వెళ్లే ఆయుధపూజలకు ఆ ఏడు ప్రభాకరన్ ఒక్కడే మిల్లులన్నీ తిరిగి వచ్చాడు. ఆ కుర్చీలో అతను ఎప్పుడూ కూర్చోలేదు, కూర్చోవాలని అనుకోలేదు కూడా. కాని మామ ఒకరోజు తన భుజం మీద చెయ్యి వేసి ఇంక నువ్వే అంటాడని, తను వద్దు మామా అంటాడని, ఆయన మళ్లీ అడుగుతాడని లోలోపల ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. మూడో మాటకు ఒప్పుకోవాలా, నాలుగో మాటదాకా ఆగాలా అన్నది మాత్రం తేలలేదు.

ఈలోగా తులసి వచ్చింది. రాజపాళయం అమ్మాయి, సుందరరాజన్ పాత స్నేహితుడు శ్రీనివాసరాజా కూతురు. కొన్నేళ్లు బెంగళూరులో పనిచేసి, అక్కడి గాలి పడక వచ్చేసింది. ఆమెను లోపలికి తీసుకొచ్చి, సుందరరాజన్ భుజం మీది తువ్వాలు తీసి తన చేత్తోనే కుర్చీ దుమ్ము దులిపాడు.

"కూర్చో కణ్ణు. ఈడ వెలుతురు బాగుంటాది," అన్నాడు, సొంత కూతుర్ని పిలిచినట్టు.

దులపడానికి ఆ కుర్చీ మీద దుమ్ము లేదు. రోజూ పొద్దున ప్రభాకరన్ తుడుస్తూనే ఉన్నాడు. ఆ సంగతి మామకు తెలీదు.

అది మొదలు. ఆ తర్వాత అతనికి ప్రతిదీ గుచ్చుకుంది. రాజపాళయం తెలుగు వింటే చిన్నప్పుడు మదురైలో గడిపిన సెలవులు గుర్తొస్తాయని మామ ఆమెతో ఏదో ఒకటి మాట్లాడించేవాడు. ఆమె ఒక్కో మాట సాగదీసి అంటే నవ్వేవాడు. ఆర్.ఎస్. పురంలో ఇంటి దగ్గర్నుంచి వచ్చేటప్పుడు ఆమె కోసం జామకాయలు కొనుక్కొచ్చేవాడు. ఇన్నేళ్లలో మామ తనకు జామకాయ ఒక్కటి తెచ్చింది లేదని ప్రభాకరన్‌కి తోచింది. తను జామకాయ తినడు, అది వేరే సంగతి. అన్నిటికంటే, ఆమె గోపినాథ్ రాసిన ప్రోగ్రాం చదువుతూ చదువుతూ, గోపినాథన్న భలే రాసినాడు అనేది. ముఖం కూడా చూడని మనిషిని అన్న అంటోంది. ప్రభాకరన్‌కి బావ అయిన మనిషిని.

ఆమె ప్రభాకరన్‌ని కూడా ప్రభాన్నా అని, నువ్వు అని పిలిచేది. అతను మాత్రం ఆమెను మీరు అనేవాడు. ఒకసారి ఆమె, "నేనేం నీకు పెద్దత్తనా, మీరు మీరు అంటుండావు," అంది. అలవాటు అన్నాడు. షెడ్డులో ఇంకెవరినీ అతను మీరు అనడు.

ఒకరోజు ఇంట్లో ఊరకుండలేక ఆమె గురించి ఏదో అన్నాడు. బెంగళూరు పోకడలని, ఉన్నదాన్ని ఉన్నట్టుండనీదని. రంగమ్మాళ్ బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే, "కొడుకు పోయినాక మీ మామ నవ్వింది ఇప్పుడే. ఆ నవ్వు కూడా నువ్వు ఓర్వలేవా?" అని అడిగింది. అతను లేచి వెళ్లి మొక్కలకు నీళ్లు పోశాడు. పొద్దున పోసిన నీళ్లు ఇంకా తొట్లలో నిలిచే ఉన్నాయి.

మాసి నెలలో ఉసిలంపట్టి అవతల ఉన్న ఒక మిల్లు నుంచి ఆర్డరు వచ్చింది. వాళ్లకు ఒక్కో యంత్రానికి ఒక్కో పెట్టె అక్కరలేదు. తమ షెడ్డులో ఉన్న యంత్రాలన్నిటి లెక్కా ఒకే పెట్టెలోకి రావాలి, మొత్తం కూడాలి. ఇంకో మాట కూడా చెప్పారు. ఆ లెక్కను ఎప్పుడూ సున్నా చెయ్యకూడదు. బయటి దేశం నుంచి నూలు కొనేవాళ్లకు, మొదటి రోజు నుంచి తెగకుండా వచ్చిన లెక్క కావాలట.

ఈ సున్నా సంగతి కొంచెం చెప్పాలి. ఈ ప్రాంతపు మిల్లుల్లో ఆయుధపూజ రోజున యంత్రాలు ఆపి, కడిగి, గంధం పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఆ తర్వాత కౌంటరు మీటను నొక్కి సున్నా చేస్తారు. పాత ఏడు లెక్క తీరిపోయింది, కొత్త ఏడు మొదలైంది అని. కంపెనీ చెప్పిన నియమం కాదది. మిల్లులవాళ్లు తమకు తామే పెట్టుకున్న ఆచారం. గోపినాథ్ ప్రోగ్రాం రాసేటప్పుడు దాన్ని నమ్ముకునే రాశాడు. ఏడాది పొడుగునా తిరిగినా ఒక యంత్రం నూలు ఎంతకు చేరుతుందో లెక్కేసి, దానికి రెట్టింపు పైన పట్టే చోటు చాలనుకున్నాడు. ఆ చోటుకు ప్రోగ్రాంలో ఉన్న పేరు లాంగ్.

లాంగ్ అనేది అంకెను పోసిపెట్టే పాత్ర లాంటిది. చిక్కేమిటంటే, ఆ పాత్ర ఎంతదన్నది దాని పేరు చెప్పదు. ఏ యంత్రం మీద ప్రోగ్రాం నడుస్తోందో ఆ యంత్రాన్ని బట్టి ఉంటుంది. కౌంటరు పెట్టెలోని చిన్న బోర్డు మీద లాంగ్‌లో ముప్పై రెండు బిట్లు. సుమారు రెండువందల పద్నాలుగు కోట్ల దాకా పడుతుంది, ఆపైన పట్టదు. తులసి లినక్స్ లాప్‌టాప్ మీద అదే లాంగ్‌లో అరవై నాలుగు బిట్లు. ఎన్ని తరాల నూలైనా పడుతుంది. రాసిన మాట ఒక్కటే. కొలత వేరు.

ప్రభాకరన్‌కి, గోపినాథ్‌కి ఇది కాలేజీ చెప్పకముందే తెలుసు. రంగమ్మాళ్ వంటింట్లో బియ్యం కొలిచే ఇత్తడి పడులు రెండు ఉండేవి. ఒకటి ఆమె పుట్టింటిది, ఇంకొకటి మదురై పక్కనుంచి వచ్చిన అత్తగారిది. రెండిటినీ పడి అనే అనేవారు. ఒకరోజు పిల్లలిద్దరూ మదురై పడితో నిండుగా కొలిచిన బియ్యాన్ని రెండో పడిలో కుమ్మరిస్తే, బియ్యం నేలంతా పారింది. ఇద్దరి చేతా గింజ గింజ ఏరించింది రంగమ్మాళ్. ఎన్నో ఏళ్ల తర్వాత లాంగ్ పాఠం విన్న రోజు గోపినాథ్ బల్ల కింద ప్రభాకరన్ కాలు తొక్కి, "ఇదీ పడే రా," అన్నాడు. ఇద్దరూ నవ్వి క్లాసు బయట నిలబడ్డారు.

తులసి కొత్త పెట్టెకు ప్రోగ్రాం సిద్ధం చేసింది. ఆమె రాసిన భాగంలో ఎక్కడా లాంగ్ లేదు. బెంగళూరు అలవాటు ప్రకారం ప్రతి పాత్రకూ దాని పేరులోనే ఎన్ని బిట్లో రాసిపెట్టింది. అలా రాస్తే ఏ యంత్రం మీదైనా కొలత మారదు. కాని మొత్తం కూడే చోట, గోపినాథ్ రాసిన కొద్ది లైన్లు మాత్రం తాకకుండా వదిలేసింది. అక్కడ లాంగ్ అలాగే ఉంది.

లాప్‌టాప్ మీద పరీక్ష పెట్టిన రోజు సుందరరాజన్ అందరినీ పిలిచాడు. ప్రభాకరన్ కాఫీ గ్లాసుతో వచ్చాడు. నిలబడ్డానికి చోటు చూసుకుంటే, కాళ్లు అలవాటుగా కుర్చీ వెనక్కే తీసుకుపోయాయి. తులసి వెయ్యి కోట్ల అంకె ఇచ్చి చూపించింది. పడింది. పదివేల కోట్లు ఇచ్చింది. అదీ పడింది. అప్పుడే అతని కళ్లు ఆ లైను మీద పడ్డాయి. లాంగ్.

గొంతులో ఏదో కదిలింది. కాఫీ మింగి దాన్ని లోపలికి దింపేశాడు.

మామ మైసూరుపాకు పంచాడు. మొదటి ముక్క తులసికి. తింటూ తింటూ ఆమె, బోర్డు మీద కూడా ఒకసారి చూద్దామా అన్నా అని అడిగింది. బోర్డుకు పూసిన వార్నిష్ ఇంకా ఆరలేదన్నాడు ప్రభాకరన్. అది నిజమే. సాయంత్రానికి ఆరిపోతుందన్నదీ నిజమే. అది చెప్పలేదు.

ఆ వారమంతా అతను మనసులో లెక్క వేసుకుంటూనే ఉన్నాడు. అన్ని యంత్రాల నూలూ ఒక్కచోటికే వస్తే నెల తిరక్కుండానే ఆ పడి నిండిపోతుంది. నిండిన మరుక్షణం అంకె ముందు మైనస్ గీత పడుతుంది. మిల్లు నుంచి ఫోను వస్తుంది. మామ ముఖం వాడిపోతుంది. తులసి కారణం వెతుకుతుంది, లాప్‌టాప్ మీద ఎంత వెతికినా దొరకదు. అప్పుడు మామ తన బల్ల దగ్గరికి నడిచి వస్తాడు. నువ్వే చూడు ప్రభా అంటాడు. ఈ చోటికి రాగానే అతనికి ఒక తీపి లాంటిది కలిగేది. ఆ వెంటనే, ఆ లైను రాసింది ఎవరో గుర్తొచ్చేది. అప్పుడు ఆలోచన ఆపి ఇంకేదో పని పెట్టుకునేవాడు. అడిగితే చెబుతాను, అడక్కపోతే నాకెందుకు అని సర్దిచెప్పుకునేవాడు. గోపినాథ్‌తో పాటే ఆ వెనక నిలబడే పద్ధతి కూడా పోయిందనే అతను నమ్మాడు.

మిల్లుకు పెట్టె బిగించడానికి ఇద్దర్నీ పంపాడు సుందరరాజన్. పొద్దున్నే వ్యాను తీశారు. ధారాపురం దాకా ప్రభాకరన్ రోడ్డు తప్ప ఇంకేమీ చూడలేదు. తులసి మాట్లాడుతూనే ఉంది. వాళ్ల ఊరి కుక్కల గురించి, వాళ్లమ్మ గోమతి మిరపకాయ బజ్జీల గురించి, బెంగళూరులో తెలుగు మాట్లాడితే ఏ జిల్లా అని అడిగిన వాళ్ల గురించి.

"రాజపాళయం అంటే, అది ఆంధ్రాలో యాడుండాది అని అడుగుతారు ప్రభాన్నా. విరుదునగర్ జిల్లా అంటే నన్ను పైనుంచి కిందికి చూస్తారు, దొంగ తెలుగు అన్నట్టు."

అతనికి నవ్వొచ్చింది. తనకూ హైదరాబాదులో అదే జరిగింది. కాని నవ్వలేదు. ఒడ్డన్‌ఛత్రంలో టీకి ఆగినప్పుడు ఆమె బన్ను సగం తుంచి అతనికిచ్చింది. వద్దంటే, మరి నాకెందుకు కొనిచ్చినావు ఇంత పెద్దది అని కుక్కకు వేసింది.

మిల్లు సూపర్‌వైజరు అంతోని గేటు దగ్గరే ఎదురొచ్చాడు. నుదుట చెమట, చేతిలో నిమ్మకాయ. కొత్త యంత్రం ఏది వచ్చినా దాని కింద నిమ్మకాయ పెట్టేది తనేనని, చర్చి ఫాదరుకు తెలుసని, ఆయన ఏమీ అనడని తమిళంలో చెప్పాడు. షెడ్డు లోపల యంత్రాల హోరు. గాలిలో దూది పొగమంచులా ఆడుతోంది. ఒక పక్క అద్దాల గది ఉంది. తలుపు వేస్తే మాట వినబడుతుంది. పెట్టెను అక్కడ గోడకు బిగించారు. ప్రభాకరన్ తీగలు కలిపాడు. తులసి స్టూలు లాక్కుని పెట్టె ముందు కూర్చుని, లాప్‌టాప్ తగిలించింది. ఇంక ఒక మీట నొక్కితే లెక్క మొదలవుతుంది. అంతోని నిమ్మకాయ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ప్రభాకరన్ పనిముట్లు సర్దుకుంటూ తలుపు దగ్గరికి జరిగాడు. తులసి వెనక్కి తిరిగింది.

"ఆడ నిలబడినావేం ప్రభాన్నా? ఇట్లా రా. వెనక నిలబడు."

ఎందుకన్నాడు.

"మీ మామ చెప్పినాడు. నువ్వు వెనక నిలబడి చూసి ఏమీ అనకుంటే పని సరిగ్గా ఉన్నట్టంట. మొదటిరోజే చెప్పినాడు నాకు. నువ్వు ఏం రాసినా ప్రభా వెనక నిలబడేదాకా పంపొద్దు అని."

అతను పనిముట్ల సంచి కిందపెట్టాడు.

ఆమె చెబుతూ పోయింది. గోపినాథన్న రాసిన లైన్లు కూడా మార్చేద్దామనే అనుకుందట. లాంగ్ అని రాయడం ఆమెకు అలవాటు లేదట. కాని సుందరరాజన్ ఒప్పుకోలేదు. వాడు రాసింది వాడు రాసినట్టే ఉండనీ కణ్ణు అన్నాడట. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు చూసి ఆమెకు ఎదురు చెప్పబుద్ధి కాలేదు. తప్పుంటే ఎట్లా అని మాత్రం అడిగింది.

"అప్పుడేమన్నాడో తెలుసునా? తప్పుంటే ప్రభా చెప్తాడు, వాడికంటే గోపీని చదివినోళ్లు ఎవరుండారు అన్నాడు. ఆరోజు పరీక్షప్పుడు నువ్వు నా వెనకే ఉండావు కదా. నేను లాప్‌టాప్ కంటే ఎక్కువ నీ గొంతు వినుకుంటా ఉండాను. నువ్వు ఏమీ అనలేదు. అందుకే ధైర్యంగా తెచ్చినా."

అద్దం అవతల యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ప్రభాకరన్ ఆ కుర్చీ గురించి ఆలోచించాడు. ఇన్ని నెలలు తన చోటు ఇంకొకరికి ఇచ్చేశారని కుమిలిపోయాడు. ఆ చోటును ఎవరూ ముట్టుకోలేదు. అది కుర్చీకి వెనక ఉంది. మామ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వాలని అనుకోలేదు. ఆ చోట్లో నిలబడి, కాఫీ మింగి, తనే ఈ పెట్టెకు సరే అన్నాడు. తులసి చేసిన తప్పు ఇది కాదు. గోపినాథ్‌దీ కాదు.

తులసి ముందుకు తిరిగి మీట మీద వేలు పెట్టింది.

ప్రభాకరన్ గొంతు సవరించుకున్నాడు.

ఆమె వేలు ఆగింది. తల తిప్పలేదు. తెర మీద లైన్లు ఒక్కొక్కటే పైకి జరిపింది. కళ్లు పాకుతున్నట్టు వెనకనుంచే అతనికి తెలిసింది. గోపినాథ్ లైన్ల దగ్గరికి వచ్చి నిలిచిపోయింది.

"బోర్డు," అంది మెల్లగా. "ఈ బోర్డు మీద లాంగ్..."

"ముప్పై రెండు."

ఒకసారి చూద్దామని అతనే అన్నాడు. మొదటి అంకెను ఆ పడి అంచుకు కాస్త కిందే పెట్టించాడు. ఆమె మీట నొక్కింది. పెట్టె మీద ఎర్ర అంకెలు పరుగెత్తాయి. కాసేపు అంతా బాగానే ఉన్నట్టుంది. అంతోని నిమ్మకాయ కింద పెట్టబోయాడు. అంతలో అంకెలు ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు మారి, ముందు ఒక గీత వచ్చి చేరింది. మైనస్ రెండువందల పద్నాలుగు కోట్లు. అక్కడ్నుంచి మెల్లగా తరుగుతోంది.

అంతోని దాన్ని కిందికీ పైకీ చూశాడు. అంటే తాము వడికిన నూలంతా తిరిగి పత్తి అయిపోయిందా సార్ అని అడిగాడు. అది మళ్లీ చెట్టెక్కేలోపు ఆపమన్నాడు. నిమ్మకాయ జేబులో పెట్టుకుని, టీ చెప్పి వస్తానని బయటికి నడిచాడు. మంచివాడు. గదిలో ఇద్దరికీ కాసేపు చోటు కావాలని గ్రహించినట్టున్నాడు.

తులసి చాలాసేపు ఆ గీతను చూస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది.

"మీకు ఆ రోజే తెలుసునా?"

ఆమె అతన్ని మీరు అనడం అదే మొదలు. తను ఇన్నాళ్లూ ఆ మాటను ఆమె మీదికి ఎలా విసిరాడో, అది తగిలితే ఎలా ఉంటుందో అతనికి తెలిసింది.

"తెలుసు," అన్నాడు.

"మరి చెప్పలేదే?"

జవాబు కోసం వెతికితే చిన్నచిన్నవి చాలా దొరికాయి. వార్నిష్, కాఫీ, అలవాటు. అవన్నీ పక్కన పెట్టాడు.

"ఆయన నవ్వు," అన్నాడు. "మా మామ నవ్వు. అది నావల్ల రాలేదు."

తులసి లాప్‌టాప్ వైపు తిరిగింది. క్షమించినట్టూ లేదు, కోప్పడినట్టూ లేదు. ముక్కు మీద వాలిన దూదిపింజను తీసి చూసి, ఊదేసింది. ఇప్పుడు మార్చాలంటే మీ మామను అడగాల్సిందే, నేను మాటిచ్చినా అంది. ఫోను అతనికి అందించింది.

ఫోనులో సుందరరాజన్ మొదట బిగించడం అయిందా అని అడిగాడు. కాలేదన్నాడు ప్రభాకరన్. సంగతి చెప్పాడు. పరీక్ష రోజే తను చూశాడని, చూసి ఊరుకున్నాడని కూడా చెప్పాడు. అవతల ఎక్కడో షెడ్డులో ఎవరో రేకు కొడుతున్నారు. అది మాత్రం వినిపించింది.

"వాడు తప్పు రాసినాడా?" అన్నాడు చివరికి సుందరరాజన్. గొంతు బాగా ముసలిదైనట్టుంది.

"లేదు మామా. బావ రాసినప్పుడు నేను వెనకనే ఉండాను. అప్పటికి అది సరే. పూజకు సున్నా చేసే లెక్కకి ఆ పడి చాలు. వీళ్లు సున్నా చెయ్యకూడదంటుండారు. పడి మార్చాల. అంతే."

"పడి," అన్నాడు ఆయన. అక్క వంటింట్లో నేలంతా పారిన బియ్యం ఆయనకూ గుర్తుండి ఉంటుంది. ఆ రోజు ఏరిన చేతుల్లో ఒక జత ఆయన కొడుకువి. "సరి. ఎవరు మారుస్తారు? నువ్వా?"

ఇన్ని నెలలు కాచుకున్న మాట అది. సరిగ్గా తను అల్లుకున్నట్టే, అదే గొంతుతో వచ్చింది. ప్రభాకరన్ స్టూలు మీది అమ్మాయి వీపు వంక చూశాడు. వీపు నిటారుగా, కదలకుండా ఉంది. ఆమె వింటోంది.

"తులసి మారుస్తాది మామా. నేను వెనక ఉంటాను."

"సరి," అన్నాడు సుందరరాజన్. "అన్నం తినేసి చెయ్యండి. నువ్వు తినకుండా డబ్బా ఎత్తుకొస్తుండావంట. అక్క చెప్పింది." ఫోను పెట్టేశాడు.

తినలేదు. అంతోని తెచ్చిన టీలు మాత్రం తాగారు. తులసి స్టూలు ముందుకు జరుపుకుని, గోపినాథ్ లైన్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ కాసేపు వేళ్లు ఊరికే పెట్టి ఉంచింది, ఎవరింట్లోకో అడుగు పెట్టేముందు గడప దగ్గర ఆగినట్టు. ప్రభాకరన్ టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడ్డాడు.

ఆమె లాంగ్ చెరిపింది. ఆ చోట కొలత పేరులోనే ఉన్న పాత్రను రాసింది. ఆమె వేళ్లు గోపినాథ్ వేళ్లకంటే త్వరగా నడుస్తాయి. ఆ సంగతి ఇంతకుముందే చూశాడు, ఇప్పుడూ చూశాడు, ఇప్పుడూ చిన్నగా గుచ్చుకుంది. దాన్ని అలాగే ఉండనిచ్చాడు. రెండో లైను మార్చింది. మూడోది మార్చబోయి, అంకెను తెర మీద చూపించే చోటును మరిచిపోయి ముందుకు జరిగిపోయింది. ఆ చోటు ఇంకా పాత పాత్రకే సరిపోయేలా ఉంది.

అతను గొంతు సవరించుకున్నాడు.

ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి పాకి, దొరికించుకుంది. "ఆఁ, ఉండాది ఉండాది," అని గొణిగి దిద్దింది. పెట్టెలోకి ఎక్కించి, మళ్లీ అదే అంకెనుంచి మొదలుపెట్టింది. ఎర్ర అంకెలు పరుగెత్తాయి. ఇందాక ఉలిక్కిపడ్డ చోటు దాటాయి. గీత రాలేదు. లెక్కను మొదటికి తెచ్చి, ఇంక పక్కాగా పెట్టేయనా అన్నట్టు ఆమె వేలు మీట మీద ఆనింది. తల తిప్పలేదు. చెవి మాత్రం వెనక్కి ఒగ్గినట్టుంది.

"మొత్తం చూసినావా తులసీ? నువ్వు చూసినావు కదా," అన్నాడు అతను.

"నేను చూసినా. నువ్వు?"

ప్రభాకరన్ టీ తాగుతూ లైన్లన్నీ పైనుంచి కిందికి చదివాడు. గోపినాథ్‌వి, ఆమెవి. ఎక్కడ ఒకరిది ఆగి ఇంకొకరిది మొదలైందో తెలిసినవాళ్లకు తెలుస్తుంది. చివరికి వచ్చాడు. ఏమీ అనలేదు.

ఆమె ఇంకో క్షణం ఆగి చూసింది. ఆపైన మీట నొక్కింది. అంతోని వంగి నిమ్మకాయ పెట్టాడు.